తెల్ల దారం, ఎర్ర దారం: మిగిలిన బ్యాటింగ్ ముక్కల సంగతి

కార్తీక పౌర్ణమికి వెలిగించే 365 వత్తుల కట్టను మా అత్తయ్య తన చేత్తోనే చేసుకుంటుంది. బజారులో అమ్మే కట్టలు ఆమెకు నచ్చవు. రెండేళ్ల కిందట ఆ నాలుగు రోజులూ నేను హైదరాబాదులో మా కూతురు, పాప దగ్గర ఉన్నాను. ఇంట్లో దూది చాలలేదట. నా కుట్టుమిషను పక్కన సంచిలో, బొంత మధ్యలో పరచగా మిగిలిన బ్యాటింగ్ ముక్కలు తెల్లగా, మెత్తగా కనిపించాయి. పీచు చేతిలో జారుతోందని కొంచెం అనుమానం వచ్చినా, కొత్త రకం దూదేమోలే అనుకుని, విభూతి అద్దుకుంటూ ఒక యాభై వత్తులు చేసి కట్టలో కలిపేసింది.

పౌర్ణమి నాడు తులసికోట దగ్గర నేతిలో నానబెట్టిన కట్టను వెలిగిస్తే ఒక పక్క చక్కగా మండింది. ఇంకో పక్క ముడుచుకుపోయి, నల్లగా కరిగి ప్రమిదలోకి కారింది. ప్లాస్టిక్కు కాలిన వాసన. ఆ రాత్రి ఫోను చేస్తే, "ఇదేందమ్మాయ్, నీ దూది ఇట్టా కారిపోతా ఉండాది?" అంది. కోపం లేదు గానీ బాధ తెలిసిపోయింది. ఏడాదిలో ప్రతి రోజుకీ ఒక వత్తి చొప్పున పెట్టుకునే దీపం అది.

ఆ సంచిలో ఏ ముక్క ఏ రకమో గుర్తు పెట్టకపోవడం నా తప్పే. మిగిలిన బ్యాటింగ్‌ను ఎలా దాచాలి, ఎలా వాడాలి అన్నది నేను అప్పటి నుంచే శ్రద్ధగా పట్టించుకున్నాను. కొత్తగా బొంతలు కుట్టేవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

బొంత పైగుడ్డకీ అడుగుగుడ్డకీ మధ్య పరిచే పొరను బ్యాటింగ్ అంటారు. మా అమ్మ కుట్టిన బొంతల్లో ఇది ఉండేది కాదు. నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పొడుగునా సన్నటి కుట్టు వేసుకుంటూ పోయేది. దూది కావాలంటే పరుపుకే. అప్పట్లో దూదేకేవాళ్లు భుజాన విల్లు వేసుకుని వీధుల్లోకి వచ్చేవాళ్లు. పరుపులో ఉండలు కట్టిన దూదిని బయటికి తీసి, ఆ విల్లు నారితో కొట్టి మళ్లీ పొంగేలా చేసి నింపి ఇచ్చేవాళ్లు. ఇప్పటి బ్యాటింగ్ అలా తిరిగి ఏకడానికి కుదరదు. ముళ్లున్న సూదులతో గుచ్చి గుచ్చి పీచును ఒకదానిలో ఒకటి చిక్కువేసి పొరగా చేస్తారు, లేదా వేడితోనో జిగురుతోనో అతుకుతారు. అందుకే ముక్కను ముక్కగానే వాడుకోవాలి.

నేను కుట్టేది ఎక్కువగా పసిపిల్లల బొంతలు. మా కోవూరులో చలి అంటే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కాసేపే. ఫ్యాను కింద కప్పడానికి పలుచటి బొంత చాలు. అందుకని చదరపు మీటరుకు 100 గ్రాములుండే పాలిస్టర్ షీటు గానీ, పలుచటి కాటన్ షీటు గానీ తెచ్చుకుంటాను. నెల్లూరు షాపుల్లో బ్యాటింగ్ అంటే అందరికీ తెలియదు, ఫైబర్ షీటు అని అడగాలి. కాటన్‌దీ, కాటన్ పాలిస్టర్ కలిసినదీ పాప తెప్పించి పంపుతుంది.

ఇంత మిగులు ఎందుకు వస్తుందో చెప్తాను. కుట్టేటప్పుడు గుడ్డ లోపలికి లాక్కుంటుంది కాబట్టి బ్యాటింగ్‌ను బొంత కన్నా నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువగా కత్తిరించుకోవాలి. 36 × 45 అంగుళాల బొంతకు 44 × 53 ముక్క కావాలి. నేను తెచ్చే షీటు పన్నా 60 అంగుళాలు. అంటే బొంత మొదలుపెట్టక ముందే 7 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల పొడుగున్న పట్టీ ఒకటి పక్కకు వస్తుంది. కుట్టు అయ్యాక అంచులు కత్తిరిస్తే సన్నటి పట్టీలు ఇంకో నాలుగు. పది బొంతలకు ఒక గోతాం నిండుతుంది. ఏ పట్టీ అయినా డబ్బు పెట్టి కొన్నదే. పారేయడానికి నాకు మనసొప్పదు.

దాచడంలో నాకు మొదటి పాఠం 2021 నవంబరులో వచ్చింది. పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగిపోయాయి, చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా కింది గదిలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. బీరువా అడుగు అరలో ఉన్న బ్యాటింగ్ అంతా తడిసింది. పాలిస్టర్ ముక్కల్ని ఉతికి మిద్దె మీద ఆరేస్తే ఒక్క పూటలో ఆరిపోయాయి, ఇప్పటికీ వాడుతున్నాను. కాటన్ మాత్రం నీళ్లు పీల్చుకుని బరువెక్కి, మబ్బు విడవని ఆ వారమంతా తడిగానే ఉండిపోయింది. నల్లటి బూజు చుక్కలు పడ్డాయి. ఉతికినా వాసన పోలేదు. పసిబిడ్డ కింద వేసేదాంట్లో బూజు ముక్క పెట్టలేను కదా, మొత్తం తీసేశాను. అప్పటి నుంచి కాటన్‌ది నేల మీద గానీ కింది అరలో గానీ పెట్టను.

ప్లాస్టిక్ కవర్లో కూడా పెట్టను. సముద్రం దగ్గర ఊళ్ళు మనవి, గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. కవరు మూతి బిగిస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. పాత కాటన్ దిండు గలీబుల్లో పెడతాను, గాలి ఆడుతుంది, దుమ్ము పడదు. నాలుగు ఎండిన వేపాకు రెమ్మల్ని చిన్న గుడ్డలో మూటకట్టి గలీబులో వేస్తాను. ఆకును పూర్తిగా ఎండనివ్వాలి, పచ్చిగా వేస్తే మరక పడుతుంది. కలరా ఉండలు మాత్రం వద్దు. ఆ వాసన పసిపిల్లల బొంతలోకి ఎక్కితే వదలదు, పిల్లలకు మంచిది కూడా కాదు. ఎలుకలకు బ్యాటింగ్ అంటే ప్రాణం, గూడుకు లాక్కుపోతాయి. గలీబుల్ని మూత ఉన్న పాత బియ్యం డ్రమ్ములో నిలబెట్టి, ఎండ కాసిన రోజున మూత తీసి ఆరబెడతాను.

పెద్ద ముక్కల్ని మడత పెట్టకుండా చాపలా చుట్టుకోండి. మడత పడితే ఆ గీత బొంతలో కూడా కనిపిస్తుంది. ఇప్పటికే మడతలు పడి ఉంటే నీళ్లు సన్నగా చల్లి ఒక రాత్రి మంచం మీద పరిచి ఉంచితే చాలావరకు పోతాయి. ఇస్త్రీ పెట్టె కాటన్‌కే. పాలిస్టర్ మీద పెడితే పొంగు అణగారిపోయి అట్టలా అవుతుంది.

ఇక గుర్తు సంగతి. మొదట కాగితం మీద రాసి గుండుసూదితో గుచ్చాను. అత్తయ్య చూసి, "ఆ సన్న అక్షరాలు నాకు యాడ కనపడతాయి? దారం కట్టు" అంది. అదే చేశాం. పూర్తి కాటన్ అయితే తెల్ల దారం, పాలిస్టర్ అయితే ఎర్ర దారం, రెండూ కలిసినది అయితే రెండు దారాలు పేనినది. చుట్టిన ప్రతి ముక్కకూ దారం ఉంటుంది. ఎర్రది దీపం దగ్గరికీ పొయ్యి దగ్గరికీ పోకూడదు, ఇంట్లో అందరికీ ఇదొక్కటే చెప్పాను.

ఏ రకమో మరిచిపోయిన ముక్క ఉంటే, గోటి అంత తీసి పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగే మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ మంటకు దూరంగా ముడుచుకుని, కరిగి, గట్టి నల్ల పూసలా అవుతుంది. రెండూ కలిసినదానిలో బూడిదా ఉంటుంది, అందులో చేతికి తగిలే గట్టి పలుకులూ ఉంటాయి. కిటికీ తెరిచి, పక్కన నీళ్లు పెట్టుకుని చేయండి. పూర్తి కాటన్ అని తేలినా నేను దాన్ని వత్తులకు ఇవ్వను. కొన్ని షీట్లలో పీచు విడిపోకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ వల ఉంటుంది. వత్తులకు మామూలు పత్తే మేలు, ఇప్పుడు అత్తయ్యకు ముందుగానే తెచ్చి పెడుతున్నాను.

పెద్ద పట్టీలకు అన్నిటికన్నా మంచి ఉపయోగం ఒకదానికొకటి అతికి ఇంకో బొంతకు వాడటం. 7 అంగుళాల పట్టీలు ఆరు కలిస్తే ఇంచుమించు 42 × 44 వస్తుంది. నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు వదులుకున్నా 34 × 36 బొంతకు సరిపోతుంది. ఇందులో ముఖ్యమైనది ఒకే రకాన్ని, ఒకే మందాన్ని కలపడం. కాటన్ బ్యాటింగ్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా ముడుచుకుంటుంది. 40 అంగుళాల మీద అది రెండు అంగుళాల దాకా పోవచ్చు. పాలిస్టర్ దాదాపు ముడుచుకోదు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఉతికాక అతుకు దగ్గర బొంత గుంజుకుపోతుంది. దారం రంగు ఇక్కడా పనికొస్తుంది.

అతికేటప్పుడు ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కకూడదు. ఎక్కితే గట్టులా తేలుతుంది, ఎంత కుట్టినా చేతికి తగులుతూనే ఉంటుంది. నేను రెండు ముక్కల అంచుల్ని ఒక అంగుళం మేర ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండింటినీ కలిపి అల ఆకారంలో ఒకేసారి కత్తిరిస్తాను. పైనా కిందా వచ్చిన సన్న ముక్కలు తీసేస్తే రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కూర్చున్నట్టు కలిసిపోతాయి. తిన్నటి గీత కన్నా అలల గీత బొంత పైకి తక్కువ తేలుతుంది. జిగ్‌జాగ్ కుట్టు ఉన్న మిషనైతే వెడల్పు ఎక్కువ పెట్టి, ముక్కను లాగకుండా పోనివ్వండి. నా నల్ల మిషనుకు తిన్నటి కుట్టే వస్తుంది కాబట్టి చేత్తో, అటూ ఇటూ దాటుతూ వదులుగా కుట్టుకుంటాను. బిగించి లాగితే అంచులు లేచి గట్టు కడతాయి.

ఈ పద్ధతి నేను కొత్తగా నేర్చుకున్నాననే అనుకున్నాను. పోయిన వేసవిలో అమ్మ బొంత ఒకటి చిరిగితే కుట్టు విప్పాను. పైనా కిందా పాటూరు నేత చీరలు. మధ్యలో నాన్న పంచె ముక్కలు, చొక్కా వీపు, నా చిన్నప్పటి గౌను. ఒక్క ముక్క కూడా ఇంకోదాని మీదికి ఎక్కలేదు. అంచుకు అంచు తాకించి, అటూ ఇటూ దాటే కుట్టుతో కలిపి ఉంది. చాలాసేపు దాన్ని చేత్తో తడుముతూ కూర్చున్నాను. ఆ పొరను అలాగే ఉంచి, పైన కింద కొత్త గుడ్డ వేసి మళ్లీ కుట్టాను.

జానెడు, జానెడున్నర ముక్కల్లో తెల్ల దారంవి మసిగుడ్డలకు. రెండు పొరలు వేసి, పాత నేత చీర గుడ్డ తొడిగి, గళ్లుగళ్లుగా కుట్టేస్తే వేడి గిన్నె నిశ్చింతగా దించవచ్చు. తడి మసిగుడ్డతో మాత్రం పట్టుకోకండి, తడి ఉంటే వేడి చేతికి తొందరగా ఎక్కుతుంది. పాలిస్టర్ 250 డిగ్రీల సెల్సియస్ దాటితే కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. పొయ్యి మీద ఖాళీగా కాలే ఇనప పెనం ఆ వేడికి చేరగలదు. అందుకే ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. ఎర్ర దారం ముక్కలు నీళ్ల సీసా తొడుగులకు, కళ్లజోడు సంచులకు, మిషను కింద చప్పుడు తగ్గేలా పరిచే చాపకు వాడుకుంటాను.

అంతకన్నా చిన్న ముక్కలు దిండ్లలో, బొమ్మల్లో కూరడానికి. కూరేముందు అర అంగుళం కన్నా చిన్నగా కత్తిరించాలి, లేకపోతే ఉండలు కట్టి గట్టిగా తగులుతాయి. చిటికెడంత ముక్కతో మిషను అడుగున పేరుకున్న నూగు, దారపు పోగులు తుడిస్తే భలే అంటుకుని వస్తాయి. పోగుల్ని పిట్టలు గూటికి పట్టుకుపోతాయని కొంతమంది బయట పెడతారు, దయచేసి పెట్టకండి. సన్నటి పోగులు పిట్ట పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. పాలిస్టర్ మట్టిలో కలవదు కూడా.

నేను ఎక్కువగా వాడేది మాత్రం ఆవకాయ సర్దేటప్పుడు. ఏటా మే నెలలో పాపకు నాలుగు గాజు సీసాలు బస్సులో పంపుతాం. ఒకసారి ఒకటి పగిలి నూనంతా పెట్టెకు పట్టింది. ఇప్పుడు ప్రతి సీసాకీ మూత బిగించి, ప్లాస్టిక్ కవరు వేసి, దాని చుట్టూ రెండు వరసలు ఎర్ర దారం పట్టీ చుట్టి, మూలల్లో ముక్కలు కూరతాను. పెట్టెను ఊపి చూస్తే లోపల కదలిక వినపడకూడదు. రెండేళ్లుగా ఒక్కటీ పగల్లేదు. ఖాళీ సీసాలతో పాటు పట్టీలు కూడా తిరిగి పంపమని పాపకు చెప్పాను. మొన్న పెట్టె వచ్చింది, నాలుగు సీసాలున్నాయి, రెండు పట్టీలు తక్కువ. అడిగితే, "అవి పిల్లాడి టిఫిను సంచి లోపల కుట్టేశానమ్మా" అంది.