లీవు ఇప్పించిన కవి

తజికిస్తాన్ రాజధాని దుషాన్బేలో పని చేస్తుంటే రోజుకొక్కసారైనా రూదకీ పేరు తగలాల్సిందే, మెయిన్ రోడ్డు ఆయన పేరే, పార్కు ఆయన పేరే, 500 సొమోనీ నోటు మీదా ఆయనే (ఆ నోటు మా దగ్గర ఎక్కువసేపు నిలవదు లెండి). వెయ్యేళ్ల కిందటి కవి, బుఖారాలో సామానీ వంశపు రాజు రెండో నస్ర్ కొలువు. సొంతూరు ఈ దేశంలోనే, పంజకెంత్ వైపు కొండల్లో పంజ్‌రూద్.

మా డ్రైవరన్న చెప్పిన కథ ఒకటి మా క్యాంపులో సూపర్ హిట్టు. రాజుగారు సైన్యంతో హెరాత్ వైపు వెళ్లాడట, అక్కడ గాలి బాగుంది, ద్రాక్షలే 120 రకాలు, ఈ పంట కానీ, ఈ చలికాలం పోనీ అంటూ నాలుగేళ్లు అక్కడే. పెళ్లాం పిల్లలేమో బుఖారాలో, వెళ్దామని అడిగే ధైర్యం ఒక్కడికీ లేదు. చివరికి సైన్యాధికారులు రూదకీ దగ్గరికెళ్లి 5000 దీనార్లు ఇస్తాం, ఎలాగోలా ఆయన్ని కదిలించు స్వామీ అన్నారు. ఈయన పొద్దున్నే రాజు మందులో ఉన్న టైం చూసి చంగ్ (వీణలాంటి తీగల వాయిద్యం) అందుకుని పాడాడు. మా కష్టం చూడండి అని ఒక్క ముక్క లేదు అందులో, నువ్వు చంద్రుడివి, బుఖారా ఆకాశం, బుఖారా దారిలో ఆము నది గరుకు ఇసుక కూడా కాళ్ల కింద పట్టులా ఉంది అంటాడు. శంషాబాద్‌లో బయటికి రాగానే మొహానికి కొట్టే వేడి కూడా హాయిగా అనిపిస్తుంది చూడండి, అదే ఇది. రాజు బూట్లు కూడా తొడుక్కోకుండా గుర్రమెక్కేశాడట, సైన్యం సంతోషం పట్టలేక డబుల్ ఇచ్చింది. మా వెల్డర్ ఒకాయన వెంటనే ఫోన్ తీసి పదివేల దీనార్లు ఇప్పటి లెక్కలో ఎంతా అని మొదలెట్టాడు, మా మేనేజరేమో లీవు అడిగితే వచ్చే నెల చూద్దాం అంటాడు, ఆయనకి పాటలంటే పడవు.

మన కరటక దమనకుల కథని పర్షియన్ పద్యాల్లో పెట్టింది కూడా ఈయనే, చాలామటుకు పోయింది, ముక్కలే మిగిలాయి.

ఆ తర్వాతది డ్రైవరన్న చెప్పడు, నేనే నెట్‌లో చదివా. ముసలితనంలో ఊరికొచ్చేసి 941లో అక్కడే పోయాడు. పళ్లు రాలిపోయాయని ఒక పద్యం ఉంది, అవి పళ్లు కావు దీపాలు అంటాడు, ఖొరాసాన్ అమీర్ నాకు 40,000 దిర్హాములు ఇచ్చాడని కూడా అందులోనే గుర్తు చేసుకుంటాడు, చివరికొచ్చేసరికి కాలం మారింది, కర్రా సంచీ తీసుకురండి అంటాడు. కొలువులో అంత వెలిగినోడు!