నాలుగో మెట్టు

నిద్ర పట్టకపోవడానికి కొత్త కళ్లజోడే కారణమని మా ఆయనకు చెప్పాను గానీ, అసలు కారణం రాత్రి భోజనాల దగ్గర ఆయన అన్న మాట. ఇంగ్లిష్ కవీ చిత్రకారుడూ అయిన విలియం బ్లేక్ ఎనిమిది పదేళ్ల వయసులో లండన్ దగ్గరి పెక్హమ్ రై మైదానంలో ఒక చెట్టు నిండా దేవదూతలను చూశాడనీ, ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అబద్ధమాడుతున్నాడని తండ్రి కొట్టబోగా తల్లి అడ్డుపడిందనీ నేను ఉత్సాహంగా చెబుతుంటే, ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా, "ఈ రోజుల్లో అయితే మాత్రలిచ్చి నయం చేసేవారు" అన్నారు. ఆ వెంటనే మజ్జిగ అడిగారు. ఆ మాట కంటే మజ్జిగ అడగడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

అసలు చిరాకు పొద్దుననే మొదలైంది. పైభాగం దూరానికి, కిందిభాగం చదువుకు పనికొచ్చే ప్రోగ్రెసివ్ అద్దాలు వేయించుకున్నాను. పక్కచూపు చూస్తే మసక, కిందికి చూస్తే నేల తేలిపోతుంది, మన మేడ మెట్లలో నాలుగోది ఉన్నచోట ఉండదు. ఎడమ అద్దం కొలత తప్పిందని నేను రెండోసారి వెళ్లి మొత్తుకుంటే, దుకాణంలోని కుర్రాడు "అలవాటవుతుంది మేడమ్" అన్న ఒక్క మాటనే అరిగేదాకా వాడి, చివరికి "మీరు అద్దాన్ని చూస్తున్నారు, అద్దంలోంచి చూడాలి" అని నాకు బోధించాడు. కోపంలోనూ నవ్వొచ్చింది. 1810లో బ్లేక్ రాసుకున్నది అచ్చంగా అదే. ఎదురుగా కనిపించే దృశ్యం గురించి కిటికీని ఎవరైనా ప్రశ్నిస్తారా, కన్ను కూడా అంతే, తాను దానిలోంచి చూస్తాడే తప్ప దానితో చూడడు అన్నాడాయన. సూర్యుడు ఉదయించినప్పుడు బంగారు నాణెంలాంటి నిప్పుబిళ్ల కనబడదా అంటే, కాదు, స్తోత్రం చేస్తున్న దేవగణం కనబడుతుందన్నాడు. నాకు మాత్రం ఆ కుర్రాడి పుణ్యమా అని ఒక్క సూర్యుడు రెండుగా కనబడుతున్నాడు.

మాత్రల మాట వినగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. చివరి సంవత్సరాల్లో ఆమె చూపు బాగా మందగించాక, సాయంత్రం దీపాల వేళకు అరుగు మీద పిల్లలు వచ్చి కూర్చుంటున్నారనేది. జానెడు పిల్లలు, ఎర్ర లాగులు, ఒక్కరూ నోరు విప్పరు. బాబాయి ఆ చోట గాలిలో చెయ్యి ఆడించి, "ఇక్కడెవరూ లేరే అమ్మా, చూడు" అని నిరూపించేవాడు, నాయనమ్మ ఆ పూటంతా మూగనోము పట్టేది. తాతయ్య మాత్రం "ఇవాళ ఎంతమంది వచ్చారే?" అని అడిగి, ఆమె లెక్క చెప్పాక, అరుగుకు అడ్డంగా పెట్టిన తన చేతికర్రను తీసి గోడకు చేరేసేవాడు, పిల్లల కాళ్లకు తగులుతుందని. చూపు తగ్గినప్పుడు మెదడు తానే బొమ్మలు కల్పించుకుని ఆ ఖాళీని నింపుకోవడం ఉందనీ, అది పిచ్చి కాదనీ చాలా ఏళ్ల తరువాత ఒక కంటి డాక్టరు చెప్పగా విన్నాను. తాతయ్యకు అదేమీ తెలియదు.

కాబట్టి మా ఆయనకూ బాబాయికీ తేడా లేదని రాసి ముగించేద్దామని కూర్చున్నాను. రాస్తుంటే అది నిలబడడం లేదు. బ్లేక్ చూపు మందగించిన మనిషి కాడు. 1772 నుంచి ఏడేళ్లు నగిషీ పని నేర్చుకుని, తన పద్యాలను రాగిరేకు మీద అక్షరం అక్షరం తిరగేసి రాసినవాడు. నాయనమ్మను ఆయన పక్కన కూర్చోబెట్టడం నా పొరపాటే.

పైగా బ్లేక్ భార్య కేథరిన్ ఉంది. 1782లో పెళ్లి పుస్తకంలో సంతకం బదులు ఇంటూ గుర్తు పెట్టిన ఆ పిల్ల, భర్త దగ్గర చదువూ అచ్చుపనీ నేర్చుకుని, ఆయన బొమ్మలకు రంగులద్దింది. ఆయన ఎప్పుడూ స్వర్గంలోనే ఉంటారు, నాకు దొరికేది తక్కువ అని ఆమె అన్న మాటను ఇన్నాళ్లూ భక్తిగా చదువుకున్నాను. ఇంట్లో ఏమీ లేనప్పుడు ఆమె ఖాళీ కంచం తెచ్చి ఆయన ముందు పెట్టేదని కూడా చెబుతారు. ఈ రాత్రి ఆ రెండింటినీ కలిపి చదివితే అలసట వినబడుతోంది. ఒకరు స్వర్గంలో ఉన్నప్పుడు మజ్జిగ సంగతి ఇంకొకరు అడగక తప్పదు.

ప్రేమ గురించి బ్లేక్ 1794లో వేసిన చిన్న పద్యమొకటి ఉంది. ప్రేమ తన సుఖం మానుకుని ఎదుటివారికిస్తుందని పశువుల కాళ్ల కింద నలిగిన మట్టిబెడ్డ పాడుతుంది, తన సంతోషానికి ఎదుటివారిని కట్టిపడేస్తుందని వాగులో గులకరాయి పాడుతుంది. తీర్పు మాత్రం ఆయన చెప్పడు. ఆకలితో వచ్చిన మనిషికి పులుసు వడ్డించి దేవదూతలను వినిపించిన నేను ఈ పూట గులకరాయినే అయ్యుంటాను. అయినా మాత్రల మాటను క్షమించలేదు.

ఇందాక మంచినీళ్ల కోసం కిందికి దిగితే నాలుగో మెట్టు అంచున తెల్ల టేపు అతికించి ఉంది. నేను పడుకున్నాననుకుని ఎప్పుడు అతికించారో! వంకరగా ఉంది, పైగా రేపు ఊడదీస్తే రంగు లేచి వస్తుంది.