పద్దెనిమిది నిండాక ఒక గది, ఒక చిరునామా

మే నెలలో, కాలువలు కట్టేసిన రోజుల్లో నాకు 18 ఏళ్లు నిండాయి. ఆ వయసు నిండితే, ఏడేళ్లు పెరిగిన బాలికల సంరక్షణ వసతి గృహం విడిచి రావాలి. ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాలాంటి వాళ్లకు 21 ఏళ్ల వరకు, అవసరమైతే 23 వరకు కూడా, అనంతర సంరక్షణ, అంటే గృహం విడిచాక నిలదొక్కుకునే దాకా సాయం, ఇవ్వవచ్చని బాల న్యాయ చట్టం, దాని నియమాలు చెబుతున్నాయి. పంపడానికి రెండు నెలల ముందే చదువు, వసతి, ఖర్చుల ప్రణాళిక రాసి బాలల సంక్షేమ సమితికి ఇవ్వాలి. నాది పదిహేను రోజుల ముందు, నేను అడిగితే రాశారు. అందులో ‘కుట్టు శిక్షణ’ అని ఉంది. నేనేమో పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్నాను! దిద్దించే దాకా సంతకం పెట్టలేదు. చెల్లెళ్లూ, ఆ కాగితం చదవకుండా మీరూ పెట్టకండి.

గది కోసం నాలుగు ఇళ్లు తిరిగాను. అన్నిచోట్లా ఒకే ప్రశ్న: ‘మీ పెద్దవాళ్లెవరు?’ చివరికి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పనిచేసే అక్క పాలకొల్లులో ఒక మామ్మగారింటికి తీసుకెళ్లింది. ఆవిడ అడిగింది ఒక్కటే: “వంట వచ్చా అమ్మా?”

రాదు. అరవై మందికి గుండిగల్లో వండే చోట పెరిగినదాన్ని, ఒక్కదానికి ఎంత పోయాలో తెలియదు. మొదటి రోజు రెండు గ్లాసుల బియ్యం పోశాను. మామ్మగారు గుమ్మంలో నిలబడి, “ఒక గ్లాసు చాలు. కడిగాక బియ్యం మీద వేలు ఆనించు, మొదటి కణుపు మునిగేదాకా నీళ్లు పొయ్యి” అన్నారు. తాను మాత్రం గిన్నె ముట్టుకోలేదు. నా అన్నం నేనే వండుకోవాలన్నది ఆవిడ పట్టుదల. ఆ రోజు అన్నం చిమిడింది, అయినా గిన్నె ఖాళీ చేశాను.

అసలు చిక్కు బ్యాంకులో వచ్చింది. బాలల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు మంజూరైనా, నాది మైనర్ ఖాతా. కొత్తగా నా సంతకం, ఆధార్ ఇవ్వాలి. ఆధార్‌లో పాత వసతి గృహం చిరునామా ఉంది. మూడుసార్లు తిప్పి పంపారు. అద్దె ఒప్పందం ఉంటే చిరునామా మార్చవచ్చని తెలిసి, భయపడుతూనే మామ్మగారిని అడిగాను. ఇంటివాళ్లు చాలామంది ఆ కాగితం ఇవ్వడానికి జంకుతారు.

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, రెండు పేజీలూ నాచేత పైకి చదివించుకున్నారు. తర్వాత ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి సంతకం చేశారు. కింద పెట్టిన నా నోటుపుస్తకం అట్ట మీద కూడా ఆ అచ్చు పడింది.

కాలువకు నీళ్లు వదిలాక కొత్త ఆధార్ వచ్చింది. పోస్టుమాన్ వీధిలోంచి నా పేరు పిలిస్తే, నాకంటే ముందు మామ్మగారే పలికారు: “ఈ ఇల్లే బాబూ, పైగదిలో ఉంటుంది.”