నాలుగో మాట

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా చర్చిలో ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురం ధ్యానం చెప్తాం. ఈ సంవత్సరం స్త్రీల మైత్రి, అంటే మా చర్చి ఆడవాళ్ల సంఘం, తరఫున నాకు నాలుగో మాట వచ్చింది. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" పాస్టరు అయ్యగారు చీటీ ఇస్తూ నా ముఖం చూసి, "వేరేది తీసుకుంటావామ్మా?" అని అడిగినారు. ఇదే ఉండనీండి అన్నాను.

అప్పటికి మా తమ్ముడు పోయి 7 నెలలు.

వానికి 34 ఏండ్లు. జమ్మలమడుగు పక్కన కడప బండల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేసేటోడు. ఆగస్టులో కండ్లు పచ్చబడినాయి. కామెర్లే కదా అని ఆకు పసరు తాగించింది నేనే, పథ్యం పెట్టింది నేనే. వారం పోయినాక కర్నూలుకు తీసకపోతే లివర్ చెడిపోయిందన్నారు. 19 రోజులు ఉన్నాం ఆసుపత్రిలో. అన్ని రోజులూ ఊర్లో చైన్ ప్రార్థన ఆగలేదు, ఒకరు లేస్తే ఇంకొకరు మోకాళ్ల మీద. నేను మంచం పక్కన వాని చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. ఒళ్లంతా పసుపు, గోర్ల సందుల్లో మాత్రం బండ పొడి తెల్లగా. తడిగుడ్డతో ఎంత తుడిచినా ఆ తెలుపు పోలేదు. నర్సమ్మ వచ్చి "ఇంక వదులమ్మా" అనేదాకా ఆ చెయ్యి నేను విడవలేదు.

కీర్తనలు 22లో "నీవు నన్నేల విడనాడితివి" అని ఉంది. మత్తయి సువార్తలో ప్రభువు ఆ కీర్తననే పలికినచోట మన తెలుగు బైబిల్లో "చెయ్యి విడిచితివి" అని పడింది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, ఇన్నేండ్లలో ఆ "చెయ్యి" నా చెవిన పడలేదు.

సమాధి అయినాక ఇంట్లో పెట్టే ఆదరణ కూటానికి ఇల్లు నిండా జనం వచ్చినారు. దేవుని చిత్తం అన్నారు. ఆయనకు ఇష్టమైనోళ్లను ముందుగా పిలుచుకుంటాడన్నారు. నువ్వే ఇట్లా ఏడిస్తే చూసేవాళ్లకు సాక్ష్యం ఏముంటుంది అని ఒకామె చెవిలో చెప్పింది. అందరూ ప్రేమతోనే వచ్చినారు, అది నాకు తెలుసు. అన్నిటికీ ఆమేన్ అన్నాను. ఎదురింటి జేజి మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా మూడు రోజులు మా అరుగు మీద కూర్చొని శనక్కాయలు ఒలిచిపెట్టింది. బైబిల్లో బిడ్డల్ని, ఆస్తిని అంతా పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి అంతా ఆ ఏడు రోజుల్లోనే ఉందని నాకనిపిస్తుంది. చివర్లో దేవుడు కోపపడింది ఆ స్నేహితుల మీద. తనను నిలదీసిన యోబే యుక్తంగా మాట్లాడినాడన్నాడు.

ఆ తర్వాత నాకు ప్రార్థన రాలేదు. మాది లండన్ మిషను కాలం నుంచి నమ్మిన కుటుంబం. "పరిశుద్ధుడవైన తండ్రీ, కృపాకనికరములు గల దేవా" అని మొదలుపెడితే అరగంట తడుముకోకుండా చేసేదాన్ని. ఇప్పుడు "పరిశుద్ధుడవైన" దగ్గరే ఆగిపోతున్నాను. ఆ భాషలో పసరు సంగతి, గోర్ల సంగతి ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఒక రాత్రి గిన్నెలు తోముతుంటే నోట్లోంచి ఇంటి మాటే వచ్చేసింది. "యాడ పోయినావు నువ్వు? అంతమంది పిలుస్తాంటే ఇనపడలేదా? నేను పసరు పోస్తాంటే నా చెయ్యి ఎందుకు పట్టుకోలేదు?" భయమేసింది. కొళాయి కట్టేసి నిలబడినాను. ఏమీ కాలేదు. మళ్లీ అడిగినాను.

ఆ రాత్రే యోహాను సువార్త 11వ అధ్యాయం తీసినాను. మన సమాధి కార్యక్రమాల్లో "పునరుత్థానమును జీవమును నేనే" దగ్గర మొదలుపెట్టి చదువుతారు. దానికి పైన, చచ్చిపోయిన లాజరు తోబుట్టువు మార్త ప్రభువుతో అన్న మాట ఉంది: నువ్వు ఇక్కడ ఉండింటే నా సహోదరుడు చచ్చిపోయేవాడు కాదు. వెనకాలే ఇంకో తోబుట్టువు మరియ వచ్చి అదే మాట అంటుంది. అక్కాచెల్లెళ్లు నాలుగు రోజులు ఇంట్లో అనుకొని అనుకొని ఉంటారు, అందుకే ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది. ఇంకా పైన, లాజరు రోగియై ఉన్నాడని విని కూడా ఆయన ఉన్నచోటనే ఇంకో రెండు రోజులు ఉండిపోయినాడు. ఆ రెండు రోజుల దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. ఎందుకో చెప్పే ప్రసంగాలు చాలా విన్నాను, ఏదీ నా కడుపులోకి దిగలేదు. ఆయన మార్తను గద్దించలేదు, మరియనూ గద్దించలేదు. కన్నీళ్లు విడిచినాడు. నేను పట్టుకొని ఉన్నది అంతవరకే.

నా ధ్యానంలో ఇవన్నీ చెప్పినాను, పసరుతో సహా. 88వ కీర్తన కూడా చదివినాను. 150 కీర్తనల్లో మొర పెట్టేవి చాలా ఉన్నాయి గానీ, ఎక్కువ భాగం చివరికి స్తోత్రం వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. నేనూ అక్కడే ఆపి దిగినాను. ఆరాధన అయినాక ఒక పెద్దాయన, "ఆదరణగా ఒక్క మాట చెప్పి ముగించాల్సిందమ్మా" అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో తోచక వందనాలు చెప్పి వచ్చేసినాను. గేటు దగ్గర, కొడుకును పోగొట్టుకున్న ఒకామె నా మోచెయ్యి పట్టుకొని బజారు మలుపు దాకా నడిచింది. ఏమీ మాట్లాడలేదు.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. తమ్ముని సమాధి మీద బండ వాని ఫ్యాక్టరీ వాళ్లే తెచ్చి పరిచినారు. వాడు పనిచేసిన మిషను మీదే కోసినారంట. ఒక అంచు పాలిష్ పెట్టకుండా వదిలేసినారు, అక్కడ రంపం గీతలు చేతికి తగులుతాయి. అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే బూడిద రంగు బండ నల్లగా మారుతూ పోయింది. నేను ఆ గీతల మీద చెయ్యి పెట్టి లోపల్లోపల అడుగుతున్నాను, పెదాలు కదిలినట్లుంది.

"ఎవరితో మే మాట్లాడుతుండావు?"

"దేవునితో మా. రెండు రోజులు ఎందుకు ఆలస్యం చేసినావని అడుగుతుండా."

అమ్మ చెంబులో మిగిలిన నీళ్లు బండ మీద వంచింది.

"అడుగు. నా మాటగా కూడా అడుగు."