పరుగు ఎంతయితే ఎక్కువ?

పరుగు ఎక్కువైతే గుండెకు చేటని, మోకాళ్లు అరిగిపోతాయని తరచూ వింటూ ఉంటాం. ఈ భయానికి ఊతమిచ్చిన వాటిలో 2015లో కోపెన్‌హాగన్ నుంచి వెలువడిన అధ్యయనం ఒకటి. మితంగా జాగింగ్ చేసేవారిలో మరణాలు తక్కువని, తీవ్రంగా పరుగెత్తేవారికీ అసలు పరుగెత్తనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని అది తేల్చింది. పత్రికలు ఆ రెండో మాటనే పట్టుకున్నాయి. అయితే అందులోని వెయ్యి మందికి పైబడిన జాగర్లలో తీవ్రంగా పరుగెత్తేవారు దాదాపు నలభై మందే. వారిలో మరణించినవారు ఇద్దరు. ఇద్దరి మరణాలను పట్టుకుని లోకమంతటికీ వర్తించే సూత్రం చెప్పడం నాకు సమ్మతం కాదు.

అంతకు ముందటి ఏడాది వెలువడిన డల్లాస్ అధ్యయనం 55 వేల మందిని సగటున 15 ఏళ్లు గమనించింది. పరుగెత్తేవారిలో గుండె జబ్బుల మరణాలు 45 శాతం తక్కువగా ఉన్నాయి. ఆరోగ్యవంతులే పరుగుకు దిగుతారు కాబట్టి అదంతా పరుగు చలవే అనలేం గానీ, ఎక్కువ పరుగెత్తినవారికి ఆ మేలు దక్కకుండా పోలేదన్నది గమనించాలి. మోకాళ్ల సంగతీ అంతే. 2017లో పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగెత్తనివారిలో 10.2 శాతం, పోటీల స్థాయి రన్నర్లలో 13.3 శాతం కనిపించింది. ఏళ్ల తరబడి సుదూర పోటీల్లో పాల్గొనేవారిలో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కువన్నది కూడా నిజమే. అయితే ఆ స్థాయికి చేరేవారు మనలో బహు కొద్దిమంది.

నన్ను నిజంగా కలవరపెట్టేది మా ఊరి మైదానంలో కనిపించే మరో రకం ‘ఎక్కువ’. కానిస్టేబుల్ ప్రిలిమినరీ ఫలితాలు వచ్చేవరకు పుస్తకాల ముందే కూర్చున్న పిల్లలు, ఆ మర్నాటి నుంచే ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) కోసం రెండు పూటలా పరుగుకు దిగుతారు. 2022 తెలంగాణ నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాల్సి వచ్చింది. నెలల తరబడి సాధన చేసినవారికి అది భయపడాల్సిన దూరమేమీ కాదు. వారాల్లో సాధించాలనుకున్నప్పుడే ఎముక మీద భారం పడుతుంది.

పరుగు అదురుకు తట్టుకోవడానికి ఎముక ముందుగా తనలోని పాత భాగాన్ని తొలగించుకుని, ఆ తరువాత కొత్త ఎముకను నింపుకుంటుంది. తొలగింపు వారాల్లో ముగిసినా నింపుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి, ఆ నడిమి కాలంలో ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయాసం తగ్గి, ఊపిరి కుదురుకుని, ఇంకో నాలుగు రౌండ్లు కొట్టగలనన్న ధీమా కుర్రాడికి వస్తుంది.

కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో నొక్కి చూడమని నేను వారికి చెబుతుంటాను. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే అది సాధారణంగా షిన్ స్ప్లింట్స్, అంటే ఎముక అంచున ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి. పరుగు తగ్గించి, కొన్నాళ్లు సైకిల్ తొక్కితే సర్దుకుంటుంది. ఒకేచోట, వేలికొనంత మేర చురుక్కుమంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను, అంటే పదేపదే పడిన భారంతో ఎముకలో వచ్చే సన్నని పగులును అనుమానించాలి. అటువంటి కాలితో నొప్పి మాత్ర వేసుకుని ట్రాక్ ఎక్కే పిల్లలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. మాత్ర నొప్పిని కప్పిపెడుతుందే తప్ప పగులును పూడ్చదు, పైగా ఒంట్లో నీరు తగ్గిన వేళ మూత్రపిండాలకు హాని చేయగలదు.

తొలి వారాల్లో ఈ పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందువల్ల ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి అలాగే ఉంటే, ఎమ్మారై అవసరమేమోనని ఎముకల డాక్టరును తప్పక అడగాలి. తొలిదశలోనే ఆగితే చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి సరిపోతుంది. ఆగకుండా పరుగెత్తి ఎముక పూర్తిగా విరిగితే నెలలు పోతాయి, వాటితోపాటు ఆ నోటిఫికేషనూ చేజారుతుంది.