గ్రూపులో వద్దు బాబాయ్, ఫోన్ చేస్తా

ఎన్నికల్లో ఫలితాల రోజు పెద్ద కష్టం ఏమీ ఉండదు. గెలిచినవాళ్ళు టీవీ ముందు కూర్చుంటారు, ఓడినవాళ్ళు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని పడుకుంటారు, ఎవరి గోల వాళ్ళది. అసలు కథంతా ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో నడుస్తుంది. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒక మీమ్ పడేస్తారు, ఇంకెవరో దానికి నవ్వే ఎమోజీ కొడతారు, మూడోవాళ్ళు "ఇదేం పద్ధతి" అంటారు, సాయంత్రానికి చూస్తే ఎవరి పెళ్ళికి ఎవరు ఎవర్ని సరిగ్గా పిలవలేదో ఆ పాత లెక్కలు కూడా పార్టీల లెక్కల్లో కలిసిపోయి ఉంటాయి. చివరికి ఫలానావాళ్ళు లెఫ్ట్ అయ్యారని బూడిద రంగు అక్షరాల్లో ఒక లైను. మా గ్రూపులో ఈసారి ఆ లైను మా బాబాయ్‌ది. అడ్మిన్ మా వదిన, ఆవిడ భయపడిపోయి అడ్మిన్ తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేసింది, దాంతో ఇప్పుడు ఎవరి పుట్టినరోజొచ్చినా అందరి తరఫునా ఆవిడొక్కతే శుభాకాంక్షలు చెప్పుకుంటోంది పాపం.

నేనెవరికి వేశానో ఇక్కడ చెప్పను. చెప్తే సగం మంది చదవడం ఇక్కడే ఆపేస్తారు, మిగతా సగం ఏం రాసినా తలూపుతారు, నాకు రెండూ వద్దు.

నా అభిప్రాయం ఏంటంటే, వేరే వేరే పార్టీలవాళ్ళు ఇద్దరు మాట్లాడుకుంటే చెడగొట్టేది చాలావరకు చుట్టూ చేరి చూసే జనమే. గ్రూపులో బాబాయ్ నాకు జవాబు చెప్తున్నాడంటే నాకొక్కడికే చెప్తున్నాడా, ముప్ఫై మంది చూస్తున్నారు, వాళ్ళ ముందు తగ్గితే పరువు పోతుంది, నాకూ అంతే. అలాంటప్పుడు ఎంత మంచి పాయింట్ పెట్టినా ఎదుటివాడికి అది చెంపదెబ్బలాగే ఉంటుంది.

ఈ మధ్య దీని గురించి కాస్త ఎక్కువగానే చదివాను, ఎక్కువ స్టడీలు అమెరికావే దొరుకుతాయి, వాళ్ళక్కడ ఈ గొడవ బాగా ముదిరింది కాబట్టి. 1960లో అక్కడ ఒక సర్వేలో మీ పిల్లలు అవతలి పార్టీవాళ్ళని పెళ్ళి చేసుకుంటే మీకు బాధేనా అని అడిగితే రెండు పార్టీల్లోనూ అవును అన్నవాళ్ళు 5 శాతం అటూ ఇటూ, అంటే ఎవరూ పట్టించుకోలేదన్నమాట. అదే 2010లో ఇంచుమించు అదే ప్రశ్న అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది బాధే అన్నారు. 2016 ఎన్నికల తర్వాత ఇంకో స్టడీ చేశారు, థాంక్స్‌గివింగ్ పండక్కి చుట్టాలింటికి వెళ్ళినవాళ్ళ ఫోన్ లొకేషన్ డేటా తీసి చూస్తే, అవతలి పార్టీ ఎక్కువున్న ఏరియా నుంచి వచ్చినవాళ్ళు భోజనాల దగ్గర 30 నుంచి 50 నిమిషాలు తక్కువ కూర్చున్నారట. గొడవ పడి లేచిపోయారో, గొడవ రాకముందే లేచిపోయారో లొకేషన్ డేటా చెప్పదు. నాకైతే రెండోదే ఎక్కువ అనిపిస్తుంది, ఎందుకంటే మా ఇళ్ళల్లోనూ అదే, అరుచుకోవడం కంటే "సరే మరి, పనుంది, బయల్దేరతాం" అనడమే ఎక్కువ.

మరి అవతలివాళ్ళ మాట వింటే సర్దుకుంటుందిగా అంటారు కొందరు. ఎక్కడ వింటున్నారు అన్నది చూడాలి. 2018లో వచ్చిన ఒక ప్రయోగంలో ట్విట్టర్ వాడేవాళ్ళకి డబ్బులిచ్చి, అవతలి పక్షం నాయకుల పోస్టులు రోజూ కనపడేలా ఒక అకౌంట్‌ని నెల రోజులు ఫాలో అవ్వమన్నారు. చివర్లో చూస్తే రిపబ్లికన్లు ముందుకంటే గట్టిగా తమ వైపుకే జరిగారు, డెమొక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పేం లేదు. అంటే అవతలి పార్టీ మైకు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఒరిగేదేం లేదు. పైగా 2019లో మోర్ ఇన్ కామన్ అనే సంస్థ సర్వే చేస్తే, అవతలి పక్షంలో విపరీతపు అభిప్రాయాలున్నవాళ్ళు నిజంగా ఎంతమంది ఉన్నారో, జనం దానికి దాదాపు రెట్టింపు ఉన్నారనుకుంటున్నారని తేలింది, వార్తలు ఎక్కువ ఫాలో అయ్యేవాళ్ళలో ఈ తప్పు లెక్క ఇంకా ఎక్కువ. రాత్రి తొమ్మిదింటి డిబేట్ వదలకుండా చూసే మా మావయ్యకి ఈ ముక్క చెప్పాలని ఉంది కానీ, వద్దులే.

బాబాయ్ సంగతికొస్తా. లెఫ్ట్ అయిన కొన్నాళ్ళకి ఫోన్ చేశాను. ఎత్తగానే ఎలా ఉన్నావని కూడా అడగలేదు, "ఏరా, నేను పోయాక గ్రూపులో ఏమన్నారు?" అన్నాడు. ఏమీ అనలేదు బాబాయ్, వదిన గ్రూపుకి తాళం వేసేసింది అంటే నవ్వాడు. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పి, డాక్టరు మార్చిన మాత్రలు, పక్కింటివాళ్ళ బోరు, ఇలా చాలాసేపు వేరే మాటలే. అప్పుడు అడిగాను, "బాబాయ్, నీకు ఆ పార్టీ అంటే మొదట్నుంచీ ఇంత అభిమానమా, మధ్యలో ఏమైనా జరిగిందా?" అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, రిటైరయ్యాక ఒక కాగితం కోసం ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగాడంట, రేపు రమ్మనేవాళ్ళు, ఎల్లుండి రమ్మనేవాళ్ళు, బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు, పిన్నిక్కూడా పూర్తిగా చెప్పలేదంట సిగ్గేసి. ఆ పార్టీ కుర్రాడొకడు ఊరికే, ఎవరూ చెప్పకుండానే, తనతో పాటు లోపలికొచ్చి పని చేయించి పెట్టాడు. "నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించాడ్రా వాడు" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన వాట్సాప్ ఫార్వర్డ్‌లు చూసి ఓటేస్తున్నాడని మేమంతా ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుంటున్నాం.

ఆ ఒక్క కుర్రాడి మంచితనంతో పార్టీ విధానాలు మంచివైపోతాయా అంటే అవ్వవు, నా ఓటు నాదే, ఆయన ఓటు ఆయనదే. కానీ అదంతా చెప్పాక ఆయనే అడిగాడు, "మరి నువ్వేంట్రా, నువ్వెందుకు అటు?" అని. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి, గ్రూపులో అయితే జన్మలో అడిగేవాడు కాదు.

ఇలా ఎదుటివాళ్ళ కథ అడిగి ఓపిగ్గా వినే పద్ధతికి ఇంగ్లీషులో డీప్ కాన్వాసింగ్ అని పేరుంది. దీని వెనక తమాషా కథ కూడా ఉంది. 2014లో సైన్స్ పత్రికలో ఒక పేపరొచ్చింది, ఇంటింటికీ వెళ్ళి మాట్లాడితే జనం అభిప్రాయాలు మారి చాలాకాలం నిలుస్తున్నాయని. బ్రూక్‌మన్, కల్లా అనే ఇద్దరు కుర్రాళ్ళు అలాంటి ప్రయోగమే తామూ చేద్దామని దిగితే ఆ పాత డేటా అస్సలు పొంతన కుదరట్లేదు, తవ్వితే దొంగ డేటా అని బయటపడింది, 2015లో ఆ పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఇక్కడితో అయిపోవాలి కదా, అవ్వలేదు, ఆ ఇద్దరే మయామీలో నిజంగా ప్రయోగం చేసి 2016లో చూపించారు, పది నిమిషాల సంభాషణతో ట్రాన్స్‌జెండర్లపై జనానికున్న చిన్నచూపు తగ్గింది, మూడు నెలల తర్వాతా తగ్గే ఉంది. దొంగ పేపర్ పట్టుకున్నవాళ్ళే అసలు సంగతి నిజమని తేల్చడం నాకు భలే నచ్చింది. తలుపు దగ్గర వాళ్ళు చేసిన పనేంటంటే, నిన్నెవరైనా నువ్వు వేరుగా ఉన్నావని చిన్నచూపు చూసిన సందర్భం ఉందా అని అడిగి, చెప్పేది తీర్పులివ్వకుండా వినడం. తర్వాత 2020లో ఇంకో పేపర్లో ఈ కథలు చెప్పుకోవడం తీసేసి ఉత్త వాదనలే వినిపిస్తే ఏ ఫలితమూ లేదని కూడా చూపించారు. ఇక మామూలు ఎన్నికల ప్రచారం, కరపత్రాలు, తలుపు తట్టి రెండు నిమిషాల్లో వెళ్ళిపోవడం, వీటిమీద ఉన్న 49 ప్రయోగాలు కలిపి లెక్కేస్తే సాధారణ ఎన్నికల్లో ఓటరు మనసు మార్చే ప్రభావం సగటున సున్నా అని తేల్చిందీ వీళ్ళే. కోట్లు ఖర్చుపెట్టేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండు.

అలాగని అందరితో మాట్లాడాల్సిందే అని నేననను. నువ్వు మనిషివే కాదు, నీకిక్కడ చోటు లేదు అనేవాడితో ఓపిగ్గా కూర్చుని నీ కథ చెప్పు నాయనా అని అడగాల్సిన బాధ్యత, ఆ మాట పడ్డవాడి మీద పెట్టడం అన్యాయం. అక్కడ పక్కనున్నవాళ్ళం మాట్లాడాలి, దెబ్బ తగలనివాళ్ళకే ఆ ఓపిక ఉంటుంది.

ఒక్కొక్కరితో విడిగా మాట్లాడినంత మాత్రాన పని జరిగిపోదని కూడా చెప్పాలి. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ కథ. ఇద్దరూ కలిసి అమెరికా స్వాతంత్ర్యం కోసం పనిచేసినవాళ్ళు, 1800లో అధ్యక్ష ఎన్నికల్లో ఎదురెదురు నిలబడ్డారు. ఆడమ్స్‌ని తిట్టిన జేమ్స్ క్యాలెండర్ అనే రచయితకి జెఫర్సన్ డబ్బు సాయం చేశాడు, అప్పట్లో పేపర్లే మన ఐటీ సెల్లు అనుకోండి. ఆడమ్స్ ఓడిపోయి, 1801లో జెఫర్సన్ ప్రమాణస్వీకారానికి ఉండకుండా ఆరోజు తెల్లవారకముందే ఊరొదిలి వెళ్ళిపోయాడు. 1804లో జెఫర్సన్ కూతురు చనిపోతే ఆడమ్స్ భార్య అబిగెయిల్ భర్తకి చెప్పకుండా పరామర్శ ఉత్తరం రాసింది. జెఫర్సన్ సంతోషించి జవాబు రాశాడు కానీ అందులోనే పాత రాజకీయ గొడవ కూడా కెలికాడు, ఆవిడ క్యాలెండర్ సంగతి తీసింది, కొన్ని ఉత్తరాలకే అంతా ఆగిపోయింది. ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు, అయినా చెడింది, పుండు ఇంకా పచ్చిగా ఉండగానే లెక్కలు తేల్చుకోబోయారు.

తర్వాత వాళ్ళని కలిపింది బెంజమిన్ రష్ అనే డాక్టరు. ఇద్దరికీ స్నేహితుడు, ఏళ్ళ తరబడి వదలకుండా ఆయనకీ ఈయనకీ ఉత్తరాలు రాస్తూ, ఒకరు రెండోవాళ్ళ గురించి మంచిమాట అంటే దాన్ని అటు చేరవేస్తూ కూర్చున్నాడు. ప్రతి ఇంట్లో చాడీలు మోసేవాళ్ళుంటారు, మంచిమాట మోసేవాడు ఒక్కడుంటే చాలు అనిపిస్తుంది. 1812 జనవరి 1న ఆడమ్స్ ముందు రాశాడు, ఇక్కడ ఇంట్లో నేసిన బట్ట ముక్కలు రెండు పంపుతున్నానని. అది పరాచికం, పంపింది తన కొడుకు ఉపన్యాసాల పుస్తకాలు రెండు. ఆ పార్సిల్ ఇంకా అందకపోవడంతో జెఫర్సన్ నిజంగా బట్టలే అనుకుని, మా వైపు ఇళ్ళల్లో నూలు వడకడం, నేత నేయడం ఎలా జరుగుతోందో గంభీరంగా రాసి పంపాడు. పదకొండేళ్ళ పగ తర్వాత దేశాన్నేలిన ఇద్దరి మొదటి మాటలు గుడ్డల గురించి. రాజకీయం, ఫ్రెంచ్ విప్లవం, పాత గొడవలు అన్నీ తర్వాత మెల్లగా వచ్చాయి, మనం చచ్చేలోపు ఒకరికొకరం మనసు విప్పి చెప్పుకోవాలని 1813లో ఆడమ్స్ రాశాడు కూడా. 1826లో ఇద్దరూ ఒకేరోజు పోయేవరకు ఉత్తరాలు సాగాయి, ఆడమ్స్ రెండు రాస్తే జెఫర్సన్ ఒకటి రాసే లెక్కలో. చాలా విషయాల్లో చివరిదాకా ఏకాభిప్రాయం కుదరలేదు.

ఇందులో నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఒకటే, ఓడినవాడే ముందు రాయాల్సి రావడం. నా లెక్కలో గెలిచినవాళ్ళే ముందు ఫోన్ చేయాలి. ఓడినవాడు చేస్తే బతిమాలినట్టుంటుంది, లేదా ఏడుపు వినిపించడానికి చేశాడనుకుంటారు. గెలిచినవాడికి పోయేదేముంది, కాస్త తగ్గి పలకరించొచ్చు, కాకపోతే గెలిచిన వారంలో మాత్రం వద్దు, ఆ వారంలో ఏం మాట్లాడినా ఎగతాళిలాగే వినపడుతుంది. ఈసారి మా వాళ్ళు గెలిచారో ఓడారో చెప్పనన్నాను కాబట్టి బాబాయ్‌కి నేనెందుకు ముందు ఫోన్ చేశానన్నది మీరే ఊహించుకోండి. గ్రూపులోకి మాత్రం ఆయన మళ్ళీ రానంటున్నాడు, నేనూ రమ్మని అడగట్లేదు.