ఒక్క రోజు లెక్క తప్పి తత్కాల్ పోగొట్టుకున్నాం: హైదరాబాద్ నుంచి వైజాగ్

ఇవాళ పొద్దున్నే వైజాగ్‌లో దిగాం. పెళ్ళి ఈ రాత్రికే. నలుగురికీ స్లీపర్ బెర్తులు దొరికాయి గానీ, దొరికేదాకా పడిన అవస్థ ఇంకెవరికీ రాకూడదని వెంటనే రాస్తున్నాను.

విమానం సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. టికెట్టు రేటు ఒక్కటే చూసుకోకూడదు. శంషాబాద్‌ దాకా క్యాబు ఖర్చు, వైజాగ్‌లో దిగాక మళ్ళీ ఇంకో క్యాబు, 15 కిలోలు దాటిన సామానుకు కట్టే డబ్బు అన్నీ కలపాలి. పెళ్ళి సామానుతో అది మాకు కుదిరేది కాదు. ప్రైవేటు బస్సుల్లో తక్కువ రేటు అని చూపించేది చాలాసార్లు వెనక చక్రాల దగ్గరి పై బెర్తు. కుదుపంతా అక్కడే. నలుగురికీ లెక్కేస్తే రైలు స్లీపర్‌కి రెట్టింపు దాటింది. ఇక రైలే.

అసలు చిక్కంతా ఇక్కడే. పదకొండో తారీఖుకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ 14 ఉంది. అంతకుముందు సాయంత్రం బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో 41. "పద్నాలుగే కదండీ, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు టికెట్లు చేసే ఏజెంటు. తీసుకున్నాను. అతను చూడమని చెప్పనిదీ, నేను చూడాల్సిందీ ఆ అంకె ముందున్న అక్షరాలు. కోణార్క్‌ది ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, అంటే దారిలోని స్టేషన్ల కోటాకి ఉండే వెయిటింగ్. ఆ రైలు ముంబైలో మొదలవుతుంది, సికింద్రాబాద్ దారిలో వచ్చే స్టేషను. అక్కడికి ఇచ్చిన చిన్న కోటాలో ఎవరైనా రద్దు చేసుకుంటేనే ఆ వరస కదులుతుంది. గోదావరి నాంపల్లిలోనే బయల్దేరుతుంది కాబట్టి దానిది జీఎన్‌డబ్ల్యూఎల్, అంటే మామూలు జనరల్ వెయిటింగ్. బెర్తులు ఎక్కువగా ఉండేదీ, వరస త్వరగా కదిలేదీ అందులోనే. మా తోడల్లుడు తీసుకున్న ఆ 41 కన్ఫర్మ్ అయిపోయింది. నా 14 రెండు వారాల్లో 11 దగ్గర ఆగిపోయింది.

టికెట్టు మీద 'ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ 22/డబ్ల్యూఎల్ 11' అన్నట్టు రెండు అంకెలు కనబడితే రెండోదే మీ అసలు స్థానం. మొదటిది చూసి కంగారు పడకండి. కానీ రెండో అంకె చూసి సంబరపడే ముందు అక్షరాలు చూడండి. పీక్యూడబ్ల్యూఎల్ (కొన్ని స్టేషన్లు కలిసి పంచుకునే కోటా వెయిటింగ్) అని ఉన్నా ఆశ పెట్టుకోకండి.

సరే, తత్కాల్ చేద్దామనుకున్నాం. ప్రయాణానికి ఒక రోజు ముందు ఏసీకి పది గంటలకు, స్లీపర్‌కి పదకొండుకి తెరుస్తారని అందరికీ తెలుసు. పదకొండో తారీఖు ప్రయాణం కదా, పదో తారీఖు పదకొండింటికి కూర్చున్నాను. ఏజెంటు చెప్పిందీ అదే. పేర్లన్నీ ముందే ఎక్కించి ఉంచాను, ఆధార్ ధ్రువీకరణ చేశాను, ఓటీపీ వచ్చే ఫోను చేతిలోనే ఉంది. తెరిచి చూస్తే కోణార్క్ తత్కాల్‌లో అప్పటికే పెద్ద వెయిటింగ్! ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

కారణం ఇది. తత్కాల్ రోజుని లెక్కపెట్టేది మనం ఎక్కే తారీఖు నుంచి కాదు, రైలు మొదటి స్టేషన్లో బయల్దేరే తారీఖు నుంచి. కోణార్క్ ముంబైలో పదో తారీఖు బయల్దేరి పదకొండున సికింద్రాబాద్ వస్తుంది. అంటే దాని తత్కాల్ తొమ్మిదినే తెరిచేశారు. నేను ఒక రోజు ఆలస్యంగా కూర్చున్నాను. ఇవే టికెట్లు అమ్ముకుని బతికే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. తెలియకపోతే తెలియదనాలి గానీ, ధీమాగా తప్పు చెప్పి ఎదుటివాడి ప్రయాణం మీదకు తేవడం పద్ధతి కాదు.

ఆ గాభరాలోనే తట్టింది: గోదావరి మొదలయ్యేది మన ఊళ్ళోనే, దానికి ఈ తారీఖుల గొడవ లేదు. పదకొండో తారీఖు గోదావరి తత్కాల్ సరిగ్గా ఆ నిమిషాన్నే తెరిచి ఉంది. తత్కాల్‌లో ఒక టికెట్టు మీద నలుగురికే ఇస్తారు, మేం సరిగ్గా నలుగురం. పేర్లు సిద్ధంగా ఉండబట్టి టైపు చేసే పని తప్పింది. లేకపోతే అదీ పోయేదే. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు కాబట్టి, డబ్బు కట్టే ముందు తారీఖు మాత్రం రెండుసార్లు చూసుకున్నాను.

కోణార్క్ వెయిటింగ్ టికెట్టు చార్టు పడ్డాక దానంతటదే రద్దయింది. మనిషికి 60 రూపాయల చొప్పున 240 కోసుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. అలాంటి ఈ-టికెట్టు పట్టుకుని స్లీపర్ బోగీ ఎక్కకండి, అది టికెట్టు లేనట్టే లెక్క.

తిరుగు ప్రయాణానికి కోణార్క్ కూడా చూస్తున్నాను. అటునుంచి అది మధ్యాహ్నం భువనేశ్వర్‌లో బయల్దేరి అదే రాత్రి వైజాగ్ వస్తుంది, కాబట్టి తత్కాల్ తెరిచేది మనం ఎక్కే తారీఖుకి ఒక్క రోజు ముందే. ఈసారి రైలు బయల్దేరే తారీఖు కాగితం మీద రాసుకున్నాకే ఫోను తీస్తాను.